సవరణ: పిల్లల వేధింపులపై ఆదివారం పోస్టు

ఆదివారం పెట్టిన పోస్టులో ‘ఇప్పుడు పిల్లల్ని ఏడిపించడం అంతా ఫోన్లలోనే, బడిలో తగ్గిపోయింది’ అని రాశాను. అది తప్పు, పొరపాటు నాదే. యునెస్కో 2019 నివేదిక ప్రకారం ప్రపంచంలో దాదాపు ముగ్గురు విద్యార్థుల్లో ఒకరు నెల రోజుల్లో ఒక్కసారైనా బడిలో తోటి పిల్లల వేధింపులు పడ్డారు. ఆన్‌లైన్‌లో అయితే పదిమందిలో ఒకరి దాకా.

మా మేనల్లుడిని చూసి అలా అనేసుకున్నాను. శ్రీకాకుళం నుంచి హాస్టల్‌కి వెళ్లినవాడు ‘ఏటి’ అన్నాడని, ఆ మాటని వెక్కిరిస్తూ వాయిస్ మెసేజ్ చేసి క్లాసు గ్రూపులో తిప్పారు. నిన్న మళ్లీ అడిగితే, మొదలైంది మెస్‌లోనట, పళ్లెం పట్టుకుని లైన్లో నిలబడ్డప్పుడు. ఫోన్ తర్వాతే.

బడుల్లో వేధింపులు ఆపడానికి ఫిన్లాండ్‌లో తెచ్చిన ‘కివా’ పద్ధతి గురించి నేను రాసింది చదివి ‘ఏడిపించినవాణ్ణి వదిలేయమంటారా?’ అని కొందరు అడిగారు. కాదండీ. వాడితో పెద్దవాళ్లు విడిగా మాట్లాడతారు. చుట్టూ నిలబడి నవ్వే పిల్లల్ని బాధపడేవాడి వైపు తిప్పడం మీద ఎక్కువ దృష్టి పెడతారు, అంతే.

ఇంకోటి, ఇది అసలు ముఖ్యం. పిల్లల్ని ఏడిపిస్తుంటే 1930కి ఫోన్ చేయమని ఆ పోస్టులో రాశాను. అది ఆన్‌లైన్‌లో డబ్బు పోయినవాళ్లకి. పిల్లల హెల్ప్‌లైన్ 1098. పాత పోస్టులో మార్చేశాను. స్క్రీన్‌షాట్ తీసి ఊరి గ్రూపుల్లో పంపినవాళ్లు ఇది కూడా పంపండి.