కిలో తగ్గితే కిలోమీటరు పెరగదు

పోయిన నెల మా బావమరిది తన సైకిల్ అమ్మకానికి పెట్టాడు. ఏడాదిన్నర కిందట కొన్న అల్లాయ్ రోడ్ బైక్, ఒక్క గీత కూడా పడలేదు. ఎందుకురా అంటే ఫోన్ తీసి ఓ ఫార్వర్డ్ చూపించాడు. అప్పటికే అది నాకు మూడు చోట్ల నుంచి వచ్చింది. అందులో ఉన్నది ఇదీ: బండి బరువు కిలో తగ్గితే స్పీడు గంటకు కిలోమీటరు పెరుగుతుంది. తేలిక బండి లేనిదే ఘాట్ ఎక్కలేం. చక్రంలో తగ్గిన ఒక గ్రాము ఫ్రేములో మూడు గ్రాములతో సమానం. ఇదంతా నిజం కాబట్టే రేసుల్లో 6.8 కిలోల కంటే తేలిక బండ్లను నిషేధించారు.

మావాడి బండి పదిన్నర కిలోలు. మనసు పడ్డ కార్బన్ ఫైబర్ ఫ్రేము బండి ఎనిమిది. ఆ రెండున్నర కిలోలకు లక్షన్నర, అదీ ఈఎంఐ మీద. అందుకే ఇదంతా రాయాల్సి వచ్చింది.

మొదటి మాట చూద్దాం. ఆదివారం తెల్లారగట్ల మేం విజయనగరం నుంచి నెల్లిమర్ల మీదుగా రామతీర్థం పోతాం, లేదా భోగాపురం దగ్గర హైవే ఎక్కి రణస్థలం వైపు తొక్కుతాం. రెండూ దాదాపు చదును దారులే. అలాంటి రోడ్డు మీద 30 స్పీడులో పోతుంటే గాలిని చీల్చుకుపోవడానికే సుమారు 120 వాట్ల శక్తి కావాలి. టైర్ల రాపిడికి ఇంకో 30. ఈ మొత్తంలో ఒక కిలో బరువు తినేది అర వాట్ కూడా ఉండదు. 30 నుంచి 31కి పెరగాలంటే మాత్రం అదనంగా 13 వాట్ల దాకా పెట్టాలి. అంటే కిలో తగ్గించుకున్నందుకు గంట తొక్కితే మిగిలేది 30 మీటర్లు. మా విజయనగరం మూడు లాంతర్ల కూడలి దగ్గర ఈ వైపు నుంచి ఆ వైపుకు రోడ్డు దాటినంత.

నమ్మకం కుదరకపోతే జూలైలో రణస్థలం వెళ్లి రండి. వెళ్లేటప్పుడు నైరుతి గాలి వీపున చెయ్యి పెట్టి తోస్తుంది, అందరం రేసు వీరులమే. టీ తాగి వెనక్కి తిరిగాక అదే గాలి మొహాన కొడుతుంటే స్పీడు చెప్పుకోడానికే సిగ్గేస్తుంది. ఆ టీ తాగే పది నిమిషాల్లో బండి బరువేం పెరగలేదు కదా. హ్యాండిల్ కింది వంపు పట్టుకుని వీపు వంచితే పది, పదిహేను వాట్లు మిగులుతాయి. గాలికి టపటపలాడే ఆ వదులు టీషర్టు మానేస్తే ఇంకొన్ని. ఈ రెంటికీ పైసా ఖర్చు లేదు.

ఇంత చెప్పినా మావాడు వినలేదు. బండిని పాత ఇనుము కొనే కొట్టుకు తీసుకెళ్లి కాటా మీద పెట్టించాను. "ఏటి బాబూ, దీన్ని కూడా తుక్కులో ఏసెత్తారా?" అన్నాడు కొట్టాయన. ఖాళీ బండి 10.6 కిలోలు. వాడు రోజూ తీసుకెళ్లే సరంజామా తగిలించి మళ్లీ తూచాం: నీళ్లు నింపిన రెండు బాటిళ్లు, సీటు కింది సంచి, గొలుసు తాళం. 13.7 చూపించింది. గొలుసు తాళం ఒక్కటే 800 గ్రాములు. బండ్ల పక్కనే నిలబడి టీ తాగే మాకు ఆ తాళం ఏడాదిన్నరలో రెండుసార్లు పనికొచ్చిందేమో. నీళ్ల జోలికి మాత్రం పోవద్దన్నాను. మన కోస్తా ఉక్కలో గంట తొక్కితే లీటరు చెమట పోవడం పెద్ద విషయం కాదు.

ఇక ఘాట్. ఇక్కడ ఫార్వర్డ్‌లో కొంత నిజముంది. ఎక్కుడులో గాలి కంటే బరువుదే పెత్తనం. శృంగవరపుకోట దాటి బొడ్డవర నుంచి అనంతగిరి వైపు తొక్కినవాళ్లకు ఇది కాళ్లతోనే తెలుసు. కానీ ఎంత? మనిషి, బండి, నీళ్లు కలిపి 80 కిలోలు అనుకుందాం. 800 మీటర్ల ఎత్తు ఎక్కాలి. కాళ్ల నుంచి వచ్చేది 150 వాట్లు. గాలీ రాపిడీ పక్కన పెట్టినా దాదాపు 70 నిమిషాలు పడుతుంది. కిలో తగ్గితే కలిసొచ్చేది 50 సెకన్లు. దారిలో కోతులను చూస్తూ ఆగే టైమే అంతకంటే ఎక్కువ. మావాడి రెండున్నర కిలోలకు రెండు నిమిషాల పైచిలుకు వస్తుంది, కాదనను. రేసులో రెండు నిమిషాలంటే చాలా పెద్ద తేడా. మాకు పైన ఎదురుచూసేది బొంగు చికెన్ మాత్రమే.

పాత ఇనప సైకిల్ సంగతి వేరు. ఇరవై కిలోల బండి నుంచి పదికి దిగితే ఎనిమిది నిమిషాలకు పైగా తేడా, అది ఒళ్లంతా తెలుస్తుంది. యాభై కిలోల లోపు ఉన్న మనిషికి కూడా ప్రతి కిలో మనకంటే ఎక్కువే బరువు.

చక్రం లెక్క తేల్చడం సులువు. రిమ్ము మీది బరువును ముందుకు నెట్టాలి, తిప్పాలి కూడా. అందుకని వేగం అందుకునేటప్పుడు మాత్రం అది దాదాపు రెట్టింపుగా లెక్కకొస్తుంది. మూడు రెట్లు కాదు. ఒకే వేగంలో పోతున్నప్పుడు, ఎక్కుడులో నిదానంగా తొక్కుతున్నప్పుడు గ్రాము గ్రామే.

చివరిది 6.8 కిలోల నిబంధన. అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య 2000 నుంచి దాన్ని అమలు చేస్తోంది. గ్రాముల కోసం పెళుసు బండ్లు తయారుచేయకుండా, పోటీ మనుషుల మధ్యే ఉండేలా పెట్టిన హద్దు అది. తేలిక బండే గెలిపిస్తుందనేవాళ్లు గంట రికార్డు చూడాలి, అంటే ట్రాక్ మీద ఒక్కడే గంటలో ఎంత దూరం తొక్కాడన్న లెక్క. 1972లో బెల్జియం రేసర్ ఎడ్డీ మెర్క్స్ ఆరు కిలోల లోపు బండి మీద మెక్సికో సిటీలో 49.431 కిలోమీటర్లు తొక్కాడు. రెండు వేల మీటర్ల పైన, గాలి పల్చగా ఉండే చోటు అది. 2022లో ఇటలీ రేసర్ ఫిలిప్పో గన్నా అంత ఎత్తులో లేని స్విట్జర్లాండ్ ట్రాక్ మీద, ఈ నిబంధన ప్రకారం కనీసం 6.8 కిలోలుండే బండితో 56.792 తొక్కాడు. బరువు పెరిగింది, దూరం ఏడు కిలోమీటర్లకు పైగా పెరిగింది. యాభై ఏళ్లలో మారినవి చాలా ఉన్నాయి గానీ, అన్నిటికంటే ముందు చెప్పాల్సింది గాలికి అడ్డురాని భంగిమ, బండి, బట్టలు.

మావాడు ఆ వారమే మంచి టైర్లు వేయించాడు. బండితో వచ్చిన చవక టైర్లకూ మంచివాటికీ మధ్య ముప్పై స్పీడులో జతకు పదిహేను వాట్ల తేడా ఉండొచ్చు. గాలి కూడా ఇప్పుడు కొలిచి కొడుతున్నాడు. తాళం ఇంట్లోనే ఉంటోంది. అమ్మకం ప్రకటన మాత్రం ఇంకా తీయలేదు. "మూడో అంతస్తుకి బండి మోసేది నేను బావా, నువ్వు కాదు" అంటున్నాడు. వాళ్ల అపార్ట్‌మెంట్‌లో లిఫ్ట్ లేదు. అక్కడ రెండున్నర కిలోలూ రెండున్నర కిలోలే.