బడిలో కొత్త గదులు కట్టే ముందు ముగ్గు పోసి చూడండి

ఏ సర్కారు బడికైనా వెళ్ళి, ఈ కొత్త గదులు ఇక్కడే ఎందుకు కట్టారండీ అని అడిగి చూడండి. "ఇక్కడ ఖాళీ ఉంది కదా" అంటారు. ఆ ఖాళీలో అప్పటిదాకా ఏం జరిగేదో మాత్రం ఎవరూ చెప్పరు. పొద్దున ప్రేయర్ అక్కడే జరిగి ఉంటుంది, మధ్యాహ్నం పిల్లలు కంచాలు పట్టుకుని అక్కడి వేపచెట్టు కిందే కూర్చుని ఉంటారు, సాయంత్రం కబడ్డీ కోర్టు కూడా అదే. ప్లాన్ కాగితం మీద అదంతా ఉత్త తెలుపు. తెల్లగా కనిపించిన చోటల్లా ఒక గది లేస్తుంది.

ఇరవై ఏళ్ళుగా బిల్డింగ్ డ్రాయింగులతోనే నా బతుకు. అందులో బడి గదులు చాలానే ఉన్నాయి, కొన్ని నేను చేసినవే, తప్పులతో సహా. ఇన్నాళ్ళకు నాకు అర్థమైంది ఏమిటంటే, పాత బడి ఆవరణలో కొత్త బ్లాకు వేసేటప్పుడు ముందు గీయాల్సింది గదుల్ని కాదు, అవి కట్టాక మిగలాల్సిన ఖాళీని. అది గీశాక గదులకు ఎక్కడ చోటు ఉందో దానంతట అదే తెలుస్తుంది.

డబ్బుల సంగతికి వస్తే, ఈ మధ్య రెండు రాష్ట్రాలూ బడి భవనాల మీద గట్టిగానే పెట్టాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2019 నవంబర్ 14న ఒంగోలులో మొదలైన 'మన బడి నాడు-నేడు' తొలి విడతలో 15,715 బడులు తీసుకున్నారు. ఆ విడతంతా మరుగుదొడ్లు, తాగునీరు, రిపేర్లు, ఫ్యాన్లు, రంగులు. అదనపు తరగతి గదులు రెండో విడతలో వచ్చాయి. తెలంగాణలో 2022 మార్చి 8న వనపర్తిలో 'మన ఊరు - మన బడి' ప్రకటించినప్పుడు 26,065 బడులు, 7,289 కోట్లు అన్నారు, మొదటి విడతకు 9,123 బడులు. ఈ పథకాలతో మేలు జరగలేదని నేను అనను. నీళ్ళొచ్చే మరుగుదొడ్డి వచ్చిందంటే ఆడపిల్ల బడి మానకుండా ఉండటానికి అదొక పెద్ద కారణం. కానీ గదుల దగ్గరికి వచ్చేసరికి పిల్లర్లు లేచి స్లాబ్ పడకుండా ఆగిపోయినవి, పైన చువ్వలు తుప్పుపట్టి కిందికి ఎర్రగా కారినవి రెండు రాష్ట్రాల్లోనూ కనిపిస్తాయి. అలా ఆగిన పనిని మళ్ళీ మొదలుపెట్టేటప్పుడు ఆ చువ్వల తుప్పు గీకించి తర్వాత కాంక్రీటు పోయించే ఓపిక ఎంతమందికి ఉంటుందో నాకు అనుమానమే.

అసలు ఎన్ని గదులు కావాలన్నదే తేలని లెక్క. విద్యాహక్కు చట్టం షెడ్యూల్ ప్రకారం టీచరుకో గది, దానికి తోడు ఆఫీసు-స్టోరు-హెచ్‌ఎం గది ఒకటి ఉండాలి. టీచర్ల సంఖ్య పిల్లల సంఖ్యను బట్టి, పిల్లల సంఖ్యేమో ప్రభుత్వ నిర్ణయాలను బట్టి మారుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2022లో 117 జీవో నాటి సర్దుబాటులో 3, 4, 5 తరగతుల్ని చాలాచోట్ల దగ్గర్లోని హైస్కూళ్ళకు పంపారు. హైస్కూల్లో ఒక్కసారిగా గదులు చాలక వరండాల్లో క్లాసులు నడిచాయి, అదనపు గదులకు ఎస్టిమేట్లు పడ్డాయి. 2025లో ఆ జీవో రద్దయింది, బడుల వర్గీకరణ మళ్ళీ మారింది. సరిగ్గా కడితే యాభై ఏళ్ళు నిలవాల్సిన గది మూడేళ్ళ విధానాన్ని నమ్ముకుని లేచిందన్నమాట. అందుకే నేను అడిగిన చోటల్లా చెప్పేది, ఈ ఏడాది బడిలో పిల్లల సంఖ్య ఒక్కటే చూడొద్దండీ, ఊళ్ళో అంగన్‌వాడీలో ఎంతమంది ఉన్నారో, ఎన్ని ప్రైవేటు బస్సులు ఊళ్ళోకి వచ్చి పిల్లల్ని ఎక్కించుకుపోతున్నాయో కూడా లెక్కేయండి అని. రెండు గదుల మధ్య గోడను బరువు మోసేదిగా కాకుండా కడితే, రేపు తీసేసి హాలు చేసుకోవచ్చు. డ్రాయింగ్ దశలో దానికయ్యే ఖర్చు దాదాపు సున్నా.

ఇక ఎండ. టైప్ డిజైన్ అని ఒకటుంటుంది, జిల్లా అంతటికీ ఒకే కాగితం. గది కొలతలు, పిల్లర్లు, బీములు అన్నీ అందులో సరిగ్గానే ఉంటాయి, ఒక్క ఉత్తరం దిక్కు బాణం తప్ప. అది స్థలాన్ని బట్టి మారాలి కదా, ఎవరూ మార్చరు. హైదరాబాద్ 17.4 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. అక్కడ మార్చి 21న మిట్టమధ్యాహ్నం సూర్యుడు దక్షిణం వైపు 72 డిగ్రీలకు పైగా ఎత్తులో ఉంటాడు. దక్షిణపు కిటికీ మీద 2 అడుగుల సన్‌షేడ్ వేస్తే దాని నీడ గోడ మీద 6 అడుగుల దాకా దిగి, 4 అడుగుల కిటికీని పూర్తిగా కప్పేస్తుంది. అదే కిటికీని తూర్పుకో పడమరకో పెట్టారనుకోండి, ఏటవాలు ఎండను ఏ సన్‌షేడూ ఆపలేదు. మనకు మార్చి మధ్య నుంచి ఒంటిపూట బడులు. పొద్దున ఎనిమిదికి ముందే పిల్లలు గదిలో ఉంటారు, అంటే ఏడాదిలో ఎండ ముదిరే రోజుల్లోనే తూర్పు కిటికీ పక్క వరుస పిల్లలు రెండు గంటలపాటు ముఖానికి పుస్తకం అడ్డం పెట్టుకుని కూర్చోవాలి. కాబట్టి బ్లాకు పొడవు తూర్పు-పడమరలుగా, కిటికీలు ఉత్తర-దక్షిణాలకు. ఇంత తేలిక సూత్రాన్ని చెడగొట్టేది సాధారణంగా వాస్తు. తలుపులన్నీ తూర్పుకే ఉండాలని ఊరి పెద్ద ఒకరు పట్టుబడతారు, బ్లాకు మొత్తం తొంభై డిగ్రీలు తిరుగుతుంది. దాత సంగతి ఇంకో రకం. శిలాఫలకం రోడ్డు మీద పోయేవాళ్ళకు కనబడాలి కాబట్టి గదులు గేటు పక్కనే, బస్సు హారన్ల మధ్య.

ఎండకూ వెలుతురుకూ ఇంకో తగాదా ఉంది. ఒక హైస్కూల్లో కొత్త గదిలో గోడకు ఐఎఫ్‌పీ ప్యానెల్, అంటే పాఠాలు చూపించే పెద్ద టచ్ స్క్రీన్, బిగించారు, దాని ఎదురుగోడకు పెద్ద కిటికీ. తెర మీద కిటికీ ప్రతిబింబం తప్ప ఏమీ కనిపించదు. సార్ ఏం చేశారంటే, కిటికీ అద్దాల మీద పాత న్యూస్‌పేపర్లు అంటించారు. గాలి ఆడదని రెక్క తీస్తే తెర కనపడదు, తెర కోసం మూస్తే ఉక్క. కిటికీని పక్క గోడకు జరిపి ఉంటే, వెలుతురు ఎడమవైపు నుంచి నోట్‌బుక్ మీద పడి, కుడిచేత్తో రాసే పిల్లల చేతి నీడ కూడా అక్షరాల మీద పడకుండా ఉండేది. పైకప్పు వేడి మాట కూడా ఇక్కడే చెప్పాలి. తెలంగాణ 2023లో కూల్ రూఫ్ పాలసీ తెచ్చింది, స్లాబ్ మీద తెల్ల పూత లాంటి పని ఖరీదైనదేమీ కాదు, ఎస్టిమేట్‌లో ఒక్క లైను.

నాకు అన్నిటికంటే టెన్షన్ పెట్టేది మాత్రం పాత బ్లాకుకూ కొత్తదానికీ మధ్య జరిగేది.

మన బడులు చాలావరకు ఊరి చివర పల్లపు నేలలో ఉంటాయి, మంచి నేల బడికి ఎవరిస్తారు చెప్పండి. వానాకాలం ఇబ్బంది చూసి కొత్త బ్లాకు బేస్‌మట్టం, అంటే గది నేల ఎత్తు, రెండడుగులు లేపుతారు, చుట్టూ మెరక తోలిస్తారు. కొత్త గదులు పొడిగా ఉంటాయి. ఆ నీళ్ళు ఎక్కడికి పోతాయి? నలభై ఏళ్ళ కిందట కట్టిన పాత బ్లాకు ఇప్పుడు ఆవరణలో అన్నిటికంటే పల్లం. అంతకుముందు ఎన్నడూ నీళ్ళు రాని గదిలోకి మొదటి పెద్దవానకే పాదం మునిగేంత నీళ్ళొచ్చి, ఒకటో తరగతి పిల్లల చాపలు తడిసిన బడిని నేను చూశాను. కాంట్రాక్టర్ తప్పేం లేదు, డ్రాయింగ్‌లో ఉన్నట్టే కట్టాడు. డ్రాయింగ్‌లో పాత బ్లాకు అసలు లేనే లేదు. ఆవరణ మొత్తానికి ఎత్తుపల్లాల లెవెల్స్ తీయించి, నీళ్ళు బయటికి పోయే దారి ముందు గీసి, ఆ తర్వాత బేస్‌మట్టం ఎంతో తేల్చాలి. సర్వేయర్‌కు అది ఒక పూట పని.

పునాది కథ ఇంకా మొండిది. నల్లరేగడి వాన పడితే ఉబ్బుతుంది, ఎండాకాలం నెర్రెలిస్తుంది, దాని మీది గోడ కూడా దాంతోపాటే లేచి కూర్చుంటుంది. రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ (సీబీఆర్ఐ) ఇలాంటి నేలల కోసమే అండర్ రీమ్డ్ పైల్స్ పద్ధతిని తయారుచేసింది. తేమ మారే పొరను దాటి కిందికి దిగి, అడుగున గంటలా వెడల్పయ్యే కాంక్రీటు పునాది స్తంభం అది. కొత్త బ్లాకుకు అది వేశారే అనుకోండి, రాతికట్టు పునాది మీదున్న పాత బ్లాకుకు గోడ ఆనించి కడితే ఏమవుతుంది? ఒకటి కదలదు, ఇంకొకటి ఏడాదికి రెండుసార్లు కదులుతుంది. కలిసిన చోట నిలువునా బీట. సిమెంటు పూస్తారు, మళ్ళీ ఏడాది అదే చోట, ఈసారి వేలు పట్టేంత. మధ్యలో సందు వదిలి పైన రేకు కప్పితే సరిపోయేది. పాత బ్లాకు మీదే ఇంకో అంతస్తు వేస్తే చవగ్గా అయిపోతుంది కదా అని కమిటీలో ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. కింది పునాది, పిల్లర్లు ఎంత బరువుకు లెక్కకట్టారో కాగితం లేనప్పుడు ఆ మాట ఎత్తకపోవడమే మంచిది. 2025 జూలై 25న రాజస్థాన్ ఝాలావాడ్ జిల్లాలో బడి పైకప్పు కూలి ఏడుగురు పిల్లలు పోయారు. అలాంటి వార్త వచ్చిన వారం రోజులు ప్రతి జిల్లాలో శిథిల గదుల జాబితాలు తయారవుతాయి, తర్వాత ఆ గదికే తాళం వేసి స్టోర్ రూమ్ అంటారు. కొత్త గదులు అడిగే ఎస్టిమేట్‌లోనే పాతదాన్ని పడగొట్టే ఖర్చు కూడా పెట్టాలి, లేకపోతే అది అలాగే నిలబడి ఉంటుంది, ఇంటర్వెల్‌లో పిల్లలు దాని వెనకే ఆడుకుంటారు.

కట్టేటప్పుడు బడి నడుస్తూనే ఉంటుంది, ఇదొకటి మరిచిపోతాం. వేసవి సెలవులు ఏప్రిల్ చివరి వారం నుంచి జూన్ 11 దాకా, ఏడు వారాలు. కాంక్రీటు పనికి మన దేశపు ప్రమాణమైన ఐఎస్ 456 ప్రకారం 4.5 మీటర్లు దాటిన స్లాబ్‌కు కింది ఆసరాలు 14 రోజులు, 6 మీటర్లు దాటిన బీముకు 21 రోజులు ఉంచాలి. పునాది నుంచి స్లాబ్ దాకా ఏడు వారాల్లో తేల్చేస్తాం అనేవాళ్ళు క్యూరింగ్ దగ్గరే, అంటే కాంక్రీటును తడుపుతూ గట్టిపడనిచ్చే రోజుల దగ్గరే, దొంగలెక్క వేస్తారు. అంటే లారీలు, చువ్వలు, క్యూరింగ్ నీళ్ళ తొట్టె, అన్నీ పిల్లల మధ్యే. కంకర లారీకి వేరే దారి ఉందా, బడి గేటే దిక్కా అన్న ప్రశ్నకు జవాబు ప్లాన్‌లో ఉండాలి, చాలాసార్లు బ్లాకు ఎక్కడ రావాలో తేల్చేది కూడా అదే. మెట్ల గురించి ఎక్కువ చెప్పను. 2004 జూలై 16న కుంభకోణంలో 94 మంది పిల్లలు కాలిపోయిన బడిలో ఇరుకు మెట్లదారి ఎంత పని చేసిందో అందరికీ తెలుసు. ర్యాంపు కూడా అంతే, లెక్క చూసుకోండి చాలు: అడుగు ఎత్తుకు 12 అడుగుల పొడవు చొప్పున, అడుగున్నర బేస్‌మట్టానికి 18 అడుగులు, 12 అడుగుల ఎత్తున ఉండే పై అంతస్తుకైతే మలుపులు కాక 144 అడుగులు. పైకి ర్యాంపు వేయలేం కాబట్టి, చక్రాల కుర్చీ పిల్లవాడి క్లాసు ఏదైతే అది ఆ ఏడాది కింద నడిపేలా టైమ్‌టేబుల్ వేయాలి, కాబట్టి ల్యాబూ లైబ్రరీ కూడా కిందే ఉండాలి.

మరుగుదొడ్ల లెక్క మాత్రం ఒక్కసారి వేలు మడిచి చూడండి. 200 మంది ఆడపిల్లలు, 5 గదులు, 10 నిమిషాల ఇంటర్వెల్. మనిషికి రెండు నిమిషాలే అనుకున్నా బెల్లు కొట్టేసరికి 25 మంది వెళ్ళి వస్తారు. మిగతా 175 మంది పొద్దున నీళ్ళు తాగడం మానేస్తారు. కొత్త బ్లాకు వస్తే ఇంకో వంద మంది చేరతారు, ఎస్టిమేట్‌లో మాత్రం తరగతి గదులే ఉంటాయి, ఎందుకంటే మరుగుదొడ్లు వేరే పథకం, వేరే బడ్జెట్ హెడ్.

కిందటేడు ఒక బడికి నాలుగు గదులు వచ్చాయి. ఆ పని చూసే అసిస్టెంట్ ఇంజనీరు (ఏఈ) గారు కుర్రవాడు, చెబితే వినే రకం. ఎస్టిమేట్ పంపే ముందు ఒక పని చేద్దాం సార్ అన్నాను. మేస్త్రీని పిలిచి, టేపు పట్టి, బ్లాకు ఎక్కడ అనుకున్నామో అక్కడ అసలు కొలతతోనే నేల మీద ముగ్గు పోయించాం. మామూలుగా పునాది తవ్వే రోజు పొద్దున పోసేదే, మేం బడి నడుస్తుండగా పోశాం, ఒక రోజంతా అలా వదిలేశాం. హెచ్‌ఎం మేడమ్ పిల్లలకు ఏమీ చెప్పలేదు. ప్రేయర్ అయింది, ఇంటర్వెల్ అయింది, అన్నాలయ్యాయి. నాలుగింటికి వెళ్ళి చూస్తే ముగ్గు గీత రెండు చోట్ల పూర్తిగా చెరిగిపోయి ఉంది: కుళాయి వైపు ఒకటి, సైకిళ్ళు పెట్టే చోటు వైపు ఇంకొకటి. మిగతా గీత చెక్కుచెదరలేదు. కుళాయి వైపు చెరిగిన చోట రెండు గదుల మధ్య ఎనిమిదడుగుల సందు వదిలాం. రెండో సందుకు డబ్బులు చాలలేదు, సైకిళ్ళకు వెళ్ళే పిల్లలు ఇప్పుడు బ్లాకు చుట్టూ తిరిగి వెళుతున్నారు, కొందరైతే వరండా గోడ దూకుతున్నారు.