‘యాడ్ టు పాత్’ గడి గారికి ఒక మేనమామ మొర

మహారాజశ్రీ, కోడు రాసే భాష పైథాన్‌ని కంప్యూటర్‌లోకి ఎక్కించే ఇన్‌స్టాలర్ అట్టడుగున కొలువైన ‘యాడ్ టు పాత్’ గడి గారి దివ్యసముఖానికి,

నమస్కారాలు. తమరు క్షేమమేనని మొన్న ఆదివారం కళ్ళారా చూశాను. 2015లో 3.5 వెర్షన్‌తో ఎక్కడ కూర్చున్నారో ఇప్పటికీ అక్కడే ఉన్నారు. పైన ‘ఇన్‌స్టాల్ నౌ’ అని బారెడు బటన్, కింద బియ్యంలో రాయిలా తమరు. టిక్కు మాత్రం లేదు. తమరికి టిక్కు పెడితేనే కదా, విండోస్ వెతుక్కునే ‘పాత్’ అనే ఫోల్డర్ల జాబితాలో పైథాన్ చేరేది!

మా మేనకోడలు బీటెక్‌లో చేరబోతోంది. క్లాసులు మొదలయ్యేలోపు నాలుగు ముక్కలు నేర్చుకుందామనుకుంది పాపం. అందరూ నొక్కే బటనే తనూ నొక్కింది. ‘సెటప్ సక్సెస్‌ఫుల్’ అని తమరి వాళ్ళే అభినందించారు. తీరా కమాండ్ ప్రాంప్ట్‌లో పైథాన్ అని కొడితే విండోస్ వారి యాప్‌ల దుకాణం తెరుచుకుంది. “ఇప్పుడే కదా మావయ్యా ఎక్కించాం, మళ్ళీ తీసుకోమంటాడేంటి?” అంది. పైథాన్‌కి అదనపు సరంజామా తెచ్చిపెట్టే పిప్ అని కొడితే ‘నాట్ రికగ్నైజ్డ్’. అదెవరో తనకి తెలియదట.

ఆ తర్వాత తమరి దయవల్ల తీర్థయాత్ర మొదలైంది. సిస్టమ్, అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్, ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్. అక్కడ పైనొక జాబితా, కిందొక జాబితా, రెండింట్లోనూ ‘పాత్’ ఉంటుంది. ఏది పట్టుకోవాలో చెప్పే నాథుడు లేడు. సరే పైది పట్టుకున్నాం. అందులో ఏం రాయాలి? పైథాన్ ఏ ఫోల్డర్‌లో దిగిందో అది. అదెక్కడుంది? యాప్‌డేటాలో. యాప్‌డేటా ఎక్కడుంది? కనపడదు, దాన్ని దాచిపెట్టారు. తెచ్చిన సామాను ఇంట్లోనే దాచి, మనల్నే వెతుక్కోమనడం ఏం మర్యాదండీ? పిప్ కోసం ‘స్క్రిప్ట్స్’ ఫోల్డర్ మళ్ళీ విడిగా చేర్చాలి. అన్నీ సరిగ్గా చేసి, ఓకేలు నొక్కుకుంటూ బయటికొచ్చి చూస్తే మళ్ళీ అదే మాట! ముందునుంచీ తెరిచి ఉన్న నల్ల విండోకి కొత్త పాత్ తెలియదు, మూసి మళ్ళీ తెరవాలి. ఆ సంగతి ఏ తెరమీదా రాసి లేదు.

అప్పుడా పిల్ల ఏమందో తెలుసా? “నాకు కంప్యూటర్లు అచ్చిరావేమో మావయ్యా, సివిల్ తీసుకుంటాలే.”

ఇక మర్యాదలు చాలు. ఒరేయ్ గడీ, ఒక్క అక్షరం కోడు రాయకముందే పిల్ల తనకి బుర్ర లేదనుకుంది. తప్పెవరిది? టిక్కు ముందే పెట్టి ఉంటే అసలు ఈ గొడవే లేదు. ఒకే మిషన్‌లో నాలుగు వెర్షన్లు పెట్టుకునే పెద్దమనుషులకి ఇబ్బందని ఖాళీగా ఉంచారట. ఆ పెద్దమనుషులకి టిక్కు తీసేయడం చేతకాదా? నువ్వేంటో తెలిసినవాడికి నీ అవసరం లేదు, అవసరమున్నవాడికి నువ్వేంటో తెలియదు.

పాత్ లేకపోయినా ‘పై’ (py) అని రెండక్షరాలు కొడితే పనవుతుందని నాకూ తెలుసు. 2012లో వచ్చిన 3.3 నుంచీ ఆ ఏర్పాటుంది. మరి పాఠం చెప్పే ప్రతివాడూ పైథాన్ అనే కొట్టమంటాడే! 

ఉత్తినే ఇస్తుంటే వంకలేంటి అంటావు. నిజమే, పైసా తీసుకోలేదు. పెద్ద కంపెనీలు వాడే సరుకే మా పిల్ల చేతికీ వచ్చింది, ఆ మాటకి దణ్ణం పెడతాను. కానీ పైథాన్ కోడు రాసుకునే థోనీ యాప్ కూడా ఉచితమే కదా! ఎస్టోనియాలో టార్టు యూనివర్సిటీ వాళ్ళు మొదటిసారి నేర్చుకునేవాళ్ళ కోసం చేశారు. పైథాన్‌ని కడుపులో పెట్టుకునే వస్తుంది, తెరిచి రాయడమే. ఆ సాయంత్రం అదే ఎక్కించాను. పిల్ల తన పేరు పదిసార్లు ప్రింట్ చేయించి, సివిల్ మాట మళ్ళీ ఎత్తలేదు.

నీకు రిటైర్మెంట్ రాసిపెట్టారని తెలిసింది. 3.16 నుంచి నువ్వుండే ఇన్‌స్టాలర్ రాదట, వారసుడిగా ఇన్‌స్టాల్ మేనేజర్‌ని ఇప్పటికే దించారు. సంతోషం. అందాకా నిన్ను నమ్మేది లేదు. వచ్చే వారం తన స్నేహితురాళ్ళు కూడా ఎక్కించుకుంటారంటే, నీ ఫొటో తీసి, చుట్టూ ఎర్ర సున్నా చుట్టి, ‘ముందు దీన్ని నొక్కి చావండమ్మా’ అని రాసి వాళ్ళ వాట్సాప్ గ్రూపులో పెట్టించాను.

ఇట్లు,
ఆదివారం నిద్ర పోగొట్టుకున్న ఒక మేనమామ