మూడ్ గారూ, మూఢానికైనా ముగింపు తేదీ ఉంటుంది

మహారాజశ్రీ మూడ్ గారికి,

నమస్కరించి రాయునది ఏమనగా, ఇక్కడ నేను, మా ఆయన, పిల్లలు, అత్తగారు అందరం క్షేమం. మీరెక్కడున్నారో తెలిస్తే మీ క్షేమం కూడా అడిగేదాన్ని. కిందటి మార్చిలో ఒకసారి దయచేశారు, అదీ నేను గ్రైండర్‌లోంచి ఇడ్లీ పిండి తీస్తూ మోచేతి దాకా చెయ్యి పెట్టి ఉన్నప్పుడు. చెయ్యి కడుక్కుని, తుడుచుకుని, పెన్ను వెతుక్కుని వచ్చేసరికి వెళ్ళిపోయారు. కాఫీ అయినా తాగలేదు.

ఇరవై ఏళ్ల పరిచయం, ఇంక ఈ మీరు, గారు నా వల్ల కాదు. నువ్వు అనే అంటాను. ఏమైనా అనుకుంటే అనుకో, అలగడం నీకు కొత్తా? సంక్రాంతికి వచ్చిన కొత్తల్లుడు కూడా అలకపాన్పు మీద ఒక గంట కూర్చుని, స్కూటరో ఉంగరమో ఏదో ఒకటి నోరు తెరిచి అడిగి, ఇస్తే దిగుతాడు. నువ్వు దిగవు, ఏం కావాలో చెప్పవు.

అసలు నీ పేరు చెబితే ఎంత పరపతో చూడు. "ఏమ్మా, ఈ మధ్య ఏం రాస్తున్నావు?" అని ఎవరైనా అడిగారనుకో, "రాయాలనే ఉందండీ, మూడ్ రావట్లేదు" అంటాను. అంతే, ఎదుటివాళ్ళు ఒక్కసారి మెత్తబడిపోతారు. పెళ్ళి పీటల మీద వధూవరులు కూర్చున్నాక పురోహితుడు గారు "ఇవాళెందుకో మంత్రం మీద మనసు నిలవడం లేదండీ, రేపు చూద్దాం" అంటే ఊరుకుంటారా? మా ఇన్సూరెన్స్ ఆఫీసులో నేను "ఈ ఫైలు నన్ను కదిలించలేదు సార్" అంటే మా మేనేజరు నన్నే వేరే బ్రాంచికి కదిలిస్తారు. కథ దగ్గరకొచ్చేసరికి మాత్రం ఆ మాటకి గౌరవం. నిజం చెప్పాలంటే ఆ గౌరవం కోసమే నిన్ను ఇన్నాళ్ళూ మేపాను. రాయకుండా రచయిత్రిగా బతకడానికి నీ అంత చవకైన ఏర్పాటు ఇంకోటి దొరకలేదు.

మా అత్తగారు నీ పేరు విని మొదట మూఢం అనుకున్నారు. "ఇప్పుడు మూఢమేమిటే, మొన్ననేగా వెళ్ళిపోయింది, పెళ్ళిళ్ళు కూడా అవుతుంటే" అన్నారు. గురుడో శుక్రుడో సూర్యుడికి దగ్గరై కనపడకుండా పోతే మూఢం, ఆ రోజుల్లో శుభకార్యాలు చెయ్యరు, అంతవరకూ నాకూ తెలుసు. కానీ ఆవిడ పంచాంగం తీసి ఎప్పుడు మొదలై ఎప్పుడు వదిలిందో తేదీలతో సహా చూపించారు. నేను సిగ్గుపడ్డాను. కోట్ల మైళ్ళ దూరంలో ఉన్న గ్రహం కూడా ఫలానా రోజు కనపడతానని ముందే చెప్పి పెడుతోంది. నువ్వు మా వంటింటికీ హాలుకీ మధ్య ఎక్కడో ఉండి కూడా చెప్పవు.

సరే, నిన్ను మర్యాదగా పిలవాలంటే ఏమేం కావాలో పెద్దలు చెప్పే ఉంచారు కదా అని అది కూడా చూశాను. అల్లసాని పెద్దన గారిదని చెప్పుకునే ఒక చాటు పద్యం ఉంది, "నిరుపహతి స్థలంబు" అని మొదలవుతుంది, నీకు తెలిసే ఉంటుంది, నీ జాతీయ గీతం లాంటిది. ఏ ఇబ్బందీ లేని చోటు కావాలి, ప్రియమైన దూతిక కర్పూర తాంబూలం తెచ్చి ఇవ్వాలి, మనసుకి నచ్చిన భోజనం, ఉయ్యాల మంచం, తప్పొప్పులు తెలిసిన రసజ్ఞులు, మనసులో మాట పట్టుకోగల లేఖకులు, పాఠకులు. ఇవన్నీ దొరికితే తప్ప ఊరికే కావ్యం రాయమంటే ఎలా కుదురుతుంది అని ఆయన ప్రశ్న. నేను ఎంఏలో ఆ పద్యం కంఠతా పట్టి మార్కులు తెచ్చుకున్నాను కానీ, అందులో నేనెక్కడున్నానో చూసుకోవడానికి ఇంకో పదిహేనేళ్ళు పట్టింది. ఉయ్యాల మీద లేను. నేను తాంబూలం పళ్ళెం పట్టుకుని నిలబడి ఉన్నాను.

అయినా పట్టువదలకుండా ఒక్కొక్కటే సమకూర్చాను. చోటు కోసం వంటింటి పక్క స్టోరు గది ఖాళీ చేయించాను, ఆవకాయ జాడీలు మంచం కిందకి, బియ్యం బస్తా బాల్కనీలోకి వెళ్ళాయి. నేను టేబులు వేసుకున్న రోజే పై ఫ్లాట్ వాళ్ళు ఇంటీరియర్స్ మొదలుపెట్టారు. మూడు నెలల పాటు డ్రిల్లింగ్ మిషను, నా పాత్రలు ఒకరితో ఒకరు అరిచి మాట్లాడుకోవలసి వచ్చేది. చేనేత గుడ్డ అట్టతో 650 రూపాయలు పెట్టి నోటుబుక్కు కొన్నాను, అది ఎంత అందంగా ఉందంటే అందులో పిచ్చి వాక్యం రాయడానికి చెయ్యి రాలేదు, ప్రస్తుతం ఇస్త్రీ బట్టల లెక్క ఉంది అందులో. లేఖకుడి కోసం ఫోన్‌లో వాయిస్ టైపింగ్ పెట్టాను. "ఆమె కళ్ళు చెమర్చాయి" అని ఎంతో ఆర్ద్రంగా చెబితే "ఆమె కాళ్ళు చమురు చాయి" అని రాసింది. రసజ్ఞుల కోసం స్కూలు స్నేహితురాళ్ళ వాట్సాప్ గ్రూపులో కథ పెట్టాను: ఐదు దండాలు, ఒక పూలగుత్తి, "సూపర్ వదినా, మధ్యాహ్నం చదువుతా" అని ఒకరు. ఆ మధ్యాహ్నం ఇంకా కాలేదు.

ఇక ఉయ్యాల. టేకు చెక్క, ఇత్తడి గొలుసులు, నెలకి 1,850 చొప్పున 12 నెలలు. మా ఆయన ఏమీ అనలేదు, ఒక్కసారి మాత్రం "పెద్దన గారికి రాయలవారు కట్టారా దీనికి ఇన్‌స్టాల్‌మెంట్లు?" అని అడిగి పేపరు చదువుకున్నాడు. ఆ ఉయ్యాల మీద నేను ఊగాను, ఊగుతూ పడుకున్నాను, మంచి నిద్ర పట్టింది. నువ్వు రాలేదు. నీ ఫోటో కూడా రాలేదు.

పెద్దన గారిని తప్పుపట్టడం లేదు సుమా. అదే ఆయన మనుచరిత్రలో నీ అసలు రూపం కూడా చెప్పాడు, ఆ సంగతి నాకు ఆలస్యంగా తట్టింది. ప్రవరుడికి సిద్ధుడు ఇచ్చిన పాదలేపం ఉంది చూడు, అది నువ్వే. కాళ్ళకి రాసుకుంటే క్షణంలో హిమాలయాల్లో దింపుతుంది, ఆహా ఓహో అని చూస్తూ తిరుగుతుంటే మంచులో కరిగిపోతుంది, ఇంటికి వచ్చే దారి తెలియదు. నేనూ అంతే, నీ పుణ్యమా అని మొదటి మూడు పేజీలు గాల్లో తేలుతూ రాస్తాను, నాలుగో పేజీలో చూస్తే కాళ్ళకి ఏమీ ఉండదు, నాయిక బస్టాండులో నిలబడి ఉంటుంది, ఏ బస్సు ఎక్కించాలో నాకు తెలియదు. ప్రవరుడికి కనీసం దారి అడగడానికి వరూధిని కనిపించింది. నాకు అలాంటి సమయాల్లో మా అపార్ట్‌మెంట్ సెక్రటరీ గారు కనిపిస్తారు, మెయింటెనెన్స్ కట్టమని. ఇలా నాలుగో పేజీలో వదిలేసినవి నా దగ్గర పదకొండు ఉన్నాయి. పదకొండు మంది ఆడవాళ్ళు బస్టాండుల్లో నిలబడి ఉన్నారు, వాళ్ళ ఉసురు నీకే తగులుతుంది.

ఊరు మారితే వస్తావేమోనని అరకు కూడా వెళ్ళాను. బొంగులో చికెన్ బాగుంది. ఒక శీర్షిక వచ్చింది, శీర్షికే.

పక్షులు చూస్తే స్ఫూర్తి కలుగుతుందన్నారు, వాల్మీకికి క్రౌంచ పక్షి బాణం దెబ్బకి పడిపోతే శోకమే శ్లోకమైందని. మా బాల్కనీలో నలభై పావురాలు. వాటిని చూసి శోకం కలిగిన మాట నిజం, ఆ శోకంతో నేను నెట్ కట్టేవాడికి ఫోన్ చేశాను.

ఇంకొక సంగతి అడుగుతాను, మనసులో పెట్టుకోకు. నువ్వు కొందరి దగ్గర టైముకి ఎలా వస్తావు? ఉగాది కవిసమ్మేళనానికి ఉదయం పదింటికల్లా నలభై మంది కవులకి ఒకేసారి కోయిల వినిపిస్తుంది, మామిడి పూత కనిపిస్తుంది, శాలువా కప్పేదాకా వినిపిస్తూనే ఉంటుంది. 1934లో ఆంధ్ర విశ్వకళా పరిషత్తు నవలల పోటీ పెడితే విశ్వనాథ సత్యనారాయణ గారు అంత లావు వేయిపడగలు నెల తిరక్కుండా నోటితో చెప్పేశారు, తమ్ముడు గారు రాసిపెట్టారు. బహుమతిని అడివి బాపిరాజు గారి నారాయణరావుతో కలిపి పంచారు. అంటే ఆ నెలంతా నువ్వు అక్కడే మకాం అన్నమాట, లేదా పోటీ గడువు ముందు నీ అలక సాగలేదన్నమాట. (ఆ తమ్ముడు గారికి మూడ్ ఉందా లేదా అన్నది నేనెక్కడా చదవలేదు, ఆయన వేళ్ళ సంగతీ చదవలేదు.)

పోతన గారి కథ చెప్పి ఓదార్చాలని చూస్తారు కొందరు, పద్యం సగంలో ఆగిపోతే ఆయన బయటికి వెళ్ళాడని, ఆ సమయానికి రాములవారే ఆయన రూపంలో వచ్చి పూర్తిచేసి వెళ్ళారని. నేనూ కథ సగంలో ఆపి, ల్యాప్‌టాప్ తెరిచే ఉంచి స్నానానికి వెళ్ళాను. వచ్చి చూస్తే మా చిన్నాడు కంప్యూటర్‌తో మిగతా సగం రాయించి పెట్టాడు, అమ్మకి సాయం అని. గుంటూరు మిర్చి యార్డులో టిక్కీల (అదే, మిరపకాయల బస్తాల) మధ్య కూర్చుని ఘాటుకి తుమ్ముతూ ఏడుస్తున్న నా నాయికని అది సముద్రం ఒడ్డుకి తీసుకెళ్ళి, సూర్యాస్తమయం చూపించి, జీవితం ఒక ప్రయాణమని చెప్పించింది. గుంటూరు నుంచి సముద్రానికి ఏ బస్సులో వెళ్ళిందో మాత్రం అదీ చెప్పలేదు.

మా పెద్దమ్మ నీ మొహం ఎప్పుడూ చూడలేదు. 1970ల్లో వారపత్రికలకి కథలు రాసేది. ఆడవాళ్ళ నవలలు ఎంత అమ్ముడయ్యేవంటే మగవాళ్ళే ఆడపేర్లు పెట్టుకుని రాసిన రోజులు. అరఠావు కాగితాలు, మధ్యలో కార్బను, తిప్పి పంపడానికి స్టాంపులు అంటించిన కవరు. ఆవిడకి రోజులో దొరికేది మధ్యాహ్నం రెండు నుంచి మూడున్నర దాకా, ఇంట్లో అందరూ కునుకు తీసే వేళ. నాలుగింటికి వీధి పంపులో నీళ్ళు వస్తాయి, బిందెలు వరుసలో పెట్టాలి. వంటింటి గుమ్మంలో చల్లటి గచ్చు మీద బోర్లా పడుకుని రాసేది. మూడూ ఇరవైకి ఎవరి కాపురం ఏ స్థితిలో ఉన్నా సరే, మూడున్నరకల్లా పాత్రలు కళ్ళు తుడుచుకుని సర్దుకుపోవాలి. అందుకే పెద్దమ్మ కథలన్నీ చివర్లో గభాల్న అయిపోతాయి. దాన్ని ఒక విమర్శకుడు కొసమెరుపు అని మెచ్చుకున్నాడట. "మెరుపూ లేదు ఉరుమూ లేదు, పంపొచ్చే టైమైంది" అని చెప్పి నవ్వేది.

ఇప్పుడు నా సంగతి. కిందటేడు దీపావళి పోటీకి ఒక్క కథ పంపాను, సాధారణ ప్రచురణకి తీసుకున్నారు. అది ఎక్కడ పుట్టిందో చెప్తే నీకు చిన్నతనంగా ఉంటుంది. వంటింట్లో పాల లెక్క రాసుకునే క్యాలెండరు ఉంది కదా, ఆ గళ్ళలో. ఆరో తారీకు గడిలో "అర లీటరు ఎక్కువ" పక్కన ఒక మాట, తొమ్మిదో తారీకు ఏకాదశి కింద రెండు మాటలు, పదిహేడున గ్యాస్ బండ వచ్చిన రోజు మొత్తం గడి నిండా, అక్షరాలు రాహుకాలం మీదికి కూడా ఎక్కాయి. నెల తిప్పి చూసుకుంటే సగం కథ ఉంది. మిగతా సగం ఆఖరి తేదీ రాత్రి కూర్చుని టైపు చేసి, ఇది నా సొంత రచన, అనువాదమూ అనుకరణా కాదని హామీపత్రం జతచేసి, పదకొండూ యాభై రెండుకి మెయిలు పంపాను. నువ్వు పదకొండూ నలభైకి వచ్చావు, గుర్తుందా? అంతా అయ్యాక, ముగింపులో ఒక విశేషణం మార్చి, కథంతా నువ్వే రాసినట్టు మర్నాడు నా చేత ఫేస్‌బుక్‌లో చెప్పించుకున్నావు. "ఒక్క ఊపులో వచ్చేసింది ఈ కథ" అని రాశాను. నూట పన్నెండు లైకులు. పాలు పోసే వెంకటయ్యకి ఒక్కటీ రాలేదు.

కాబట్టి నిన్ను రావద్దని అనడం లేదు, ఇంటికొచ్చేవాళ్ళని అనకూడదు. కాకపోతే ఏర్పాట్లు కొంచెం మారాయి, ముందే చెప్పడం మర్యాద. స్టోరు గదిలోకి జాడీలు మళ్ళీ వచ్చేశాయి, కొత్త ఆవకాయ పెట్టాం. తాంబూలాలు నేను మోయను. ఉయ్యాల మా అత్తగారు తీసుకున్నారు, మోకాళ్ళ నొప్పులకి బాగుందట. సాయంత్రం చిక్కుడుకాయలు ఒళ్ళో పోసుకుని ఈనెలు తీస్తూ, ఊగుతూ, తెనాలి దగ్గర వాళ్ళ ఊళ్ళో చెరువు గట్టు మీద ఎవరో ఒకావిడ మొగుడితో ఇరవై రెండేళ్ళు మాట్లాడకుండా అన్నీ వండిపెట్టిన కథ చెబుతున్నారు. మొన్న మొదలుపెట్టారు, ఇంకా పెళ్ళి దగ్గరే ఉంది. నేను కింద కూర్చుని తీసిన కాయలు గిన్నెలో వేస్తూ, ఇస్త్రీ లెక్కల నోటుబుక్కులో రెండో వైపు నుంచి రాసుకుంటున్నాను.

వస్తే రా. ఉయ్యాల ఖాళీగా లేదు, చాప ఉంది. చిక్కుడుకాయలు రెండు కిలోలు తెచ్చారు మా ఆయన, కూర్చుంటే నీ చేతికీ కొన్ని ఇస్తాను.

ఇట్లు,
పళ్ళెం కింద పెట్టేసిన
నీ పాత స్నేహితురాలు