అకౌంట్లో పడిందంతా అమ్మకమేనా?

(2025 జూలైలో కర్ణాటక వాణిజ్య పన్నుల శాఖ నాలుగేళ్ళ యూపీఐ వసూళ్ళ వివరాలు తెప్పించుకుని, వేలమంది చిన్న వ్యాపారులకు జీఎస్టీ నోటీసులిచ్చింది. వాదన దాని మీదే. మామయ్య ఆంధ్రలో వాణిజ్య పన్నుల శాఖలో చేసి రిటైరయ్యారు. మేనకోడలు బెంగళూరులో చిన్న కొట్లకు పద్దులు రాస్తుంది.)

మామయ్య: ఇందులో అన్యాయం ఏముందే అమ్మాయ్? సరుకు అమ్మేవాడి టర్నోవర్, అంటే మొత్తం అమ్మకాలు, ఏడాదికి 40 లక్షలు దాటితే జీఎస్టీ రిజిస్ట్రేషన్ చేయించుకోవాలి. సేవలైతే 20 లక్షలు. ఇది కొత్త రూలేమీ కాదు.

మేనకోడలు: రూలు నాకూ తెలుసు మామయ్యా. కానీ వాళ్ళు చూసింది టర్నోవర్ కాదు, అకౌంట్లో పడిన డబ్బు. మా వీధి చివర బేకరీ ఆయనకు ఉన్నది ఒకటే ఫోను, ఒకటే అకౌంటు. చిట్టీ పాడిన డబ్బు, బావమరిది తిరిగిచ్చిన చేబదులు, అన్నీ దాంట్లోకే. కంప్యూటర్‌కి అవన్నీ బన్నులమ్మిన డబ్బులే!

మామయ్య: వచ్చింది నోటీసే కదా, జవాబిస్తే సరి.

మేనకోడలు: నాలుగేళ్ళ కిందటి చేబదులుకి కాగితం ఎక్కడ తెస్తాడు? హావేరిలో ఒక కూరగాయలాయనకి నాలుగేళ్ళలో 1.63 కోట్లు వచ్చాయని 29 లక్షలు కట్టమన్నారు. లెక్కేసి చూడండి, దాదాపు 18 శాతం. ఏం అమ్ముతున్నాడని కూడా చూడలేదు.

మామయ్య: (కాసేపాగి) కూరగాయలాయనకి ఇవ్వడం తప్పే. తాజా కూరల మీద పన్నే లేదు, అవి మాత్రమే అమ్మేవాడికి రిజిస్ట్రేషన్ కూడా అక్కర్లేదు. కానీ పాలతో పాటు సిగరెట్లు, కూల్‌డ్రింకులు అమ్మేవాడి సంగతి వేరు. పాల మీద పన్ను లేకపోయినా ఆ అమ్మకం టర్నోవర్‌లో కలుస్తుంది.

మేనకోడలు: ఆ సిగరెట్ పెట్టె హోల్‌సేల్‌లో కొన్నప్పుడే జీఎస్టీ కట్టాడు. రిజిస్ట్రేషన్ లేదు కాబట్టి ఇప్పుడు వేసే పన్నులోంచి అది తగ్గించరు. ముందే చేయించుకుని ఉంటే చిన్న వ్యాపారులకుండే కాంపోజిషన్ స్కీము కింద అమ్మకాల మీద 1 శాతంతో పోయేది.

మామయ్య: నేననేదీ అదే! 1 శాతంతో పోయేదానికి ఎందుకు రాలేదు? పక్క కొట్టువాడు ఏటా కడుతున్నాడే, వాడు పిచ్చివాడా? మా రోజుల్లో కొట్టు ముందు నిలబడి గిరాకీ అంచనా వేసేవాళ్ళం. అందులో మొహమాటాలు, మామూళ్ళు... నా నోటితో చెప్పించకు. డేటాకి అవేమీ ఉండవు.

మేనకోడలు: ఉండవు, నిజమే. మరి డిజిటల్, డిజిటల్ అన్నది ఎవరు? చిన్న వ్యాపారి ఆదాయపు పన్నుకి లాభం అంచనా వేసేటప్పుడు నగదు వసూళ్ళ మీద 8 శాతం, డిజిటల్ అయితే 6 శాతమే అని ఆశపెట్టారు. స్టిక్కర్ అంటించుకున్నవాడు దొరికాడు, నోట్లే తీసుకున్నవాడు హాయిగా ఉన్నాడు. నోటీసులు రాగానే బెంగళూరులో ‘యూపీఐ లేదు, క్యాష్ మాత్రమే’ అని కాగితాలు అంటించారు. వచ్చే ఏడాది డేటా ఎక్కణ్ణుంచి వస్తుంది?

మామయ్య: కాగితం అంటించాడంటే దాచేదేదో ఉన్నట్టే.

మేనకోడలు: భయపడ్డట్టు. ముఖ్యమంత్రి సిద్ధరామయ్య కూడా జూలై 23న వ్యాపారులను పిలిచి, రిజిస్టర్ చేయించుకుంటే పాత బకాయిలు వసూలు చేయబోమని చెప్పారు. లెక్క అంత గట్టిదైతే అలా ఎందుకన్నారు?

మామయ్య: బంద్ చేస్తామన్నారు కాబట్టి! సరే, నువ్వే ఆఫీసరువైతే ఏం చేసేదానివి?

మేనకోడలు: ఏటా డేటా తెప్పించుకుని, మొదటి ఏడాదే ఒక మెసేజ్ పెట్టేదాన్ని. ‘మీ వసూళ్ళు 40 లక్షల దగ్గరకొచ్చాయి, ఒకసారి చూసుకోండి’ అని, కన్నడంలో, అర్థమయ్యేలా. నాలుగేళ్ళది పోగేసి ఒక్కసారిగా నెత్తిన పడేసేదాన్ని కాదు.

మామయ్య: అది ఒప్పుకుంటా. ఇంతకీ మీ బేకరీ ఆయన రిజిస్ట్రేషన్ అయిందా?

మేనకోడలు: ఎక్కడ! కొట్టు అద్దెకిచ్చినాయన అగ్రిమెంటు రాయనంటున్నాడు. రాస్తే తన అద్దె కూడా లెక్కల్లోకి వస్తుందట.

మామయ్య: ఆహా! నెలకెంత తీసుకుంటాడేం?

మేనకోడలు: అది మాత్రం మీకు చెప్పను.