తప్పు కర్రది కాదు

పొద్దున్నే ఒకాయన, కర్రతో విల్లులు చేసుకునే మా గ్రూపులో ఫోటో పెట్టారు. కనకపుర వైపు పొలంలో కొట్టిన మల్బరీ దుంగ. బెంగళూరులో మేడమీద, నీళ్ల ట్యాంకు పక్కన, మార్చి ఎండలో నిలబెట్టి పది రోజులైందట. చివర్న ఆరు పగుళ్లు, ఒకదాంట్లో బొటనవేలు దూరుతుంది. కింద తీర్పు: "మల్బరీ విల్లుకి పనికిరాదండీ, మిల్లులో కోసిన బోర్డు కొనుక్కోవడమే మేలు." దానికి లైకులు కూడా!

అయ్యా, అమెరికాలో విల్లుకర్ర అంటే ముందు చెప్పే ఒసేజ్ ఆరెంజ్ చెట్టు, మన మల్బరీ ఒకటే కుటుంబం. పనస కూడా అందులోదే. అంత మంచి కర్రని పది రోజుల్లో చంపేసి దానిమీదే నింద వేస్తారా?

కొట్టిన గంటలోపు రెండు చివర్లకీ ఫెవికాల్ మందంగా పట్టించాలి, ఆరాక ఇంకో పూత వెయ్యాలి. తేమ పక్కల నుంచి మెల్లగా పోతుంది, కోసిన చివర నుంచి ఎన్నో రెట్లు వేగంగా పోతుంది. లోపల ఇంకా పచ్చిగా ఉండగానే చివర ముడుచుకుంటుంది, పగులుతుంది. దుంగని గుండ్రంగా వదిలేసినా ముప్పే. ఆరే కర్ర వయసు వలయాల వెంట ముడుచుకునేది, నడిబొడ్డు వైపు ముడుచుకునేదానికి దాదాపు రెట్టింపు. గుండ్రటి దుంగలో ఆ లాగుడు తీరే దారి లేదు, అందుకే నడిబొడ్డు దాకా చీలుతుంది. వెంటనే రెండుగా చీలిస్తే ఆ బిగువు చాలావరకు తగ్గుతుంది.

చీల్చాలి అంటున్నాను, కోయమనడం లేదు. ఇనప చీలలు (ఒక చివర సన్నబడే దిమ్మెలు) పెట్టి సుత్తితో కొడితే కర్ర తన నార వెంటే విడిపోతుంది. మెలి తిరిగిన చెట్టయితే అక్కడే బయటపడుతుంది. రంపానికి నార తెలియదు, గీసిన గీతే తెలుసు. మిల్లు బోర్డుల్లో చాలావాటికి నార ఏటవాలుగా వీపు (విల్లు పట్టుకుంటే మనకి అవతలి వైపు) మీదకొచ్చి తెగిపోయి ఉంటుంది. విల్లు లాగినప్పుడు సాగేది వీపే. తెగిన నార దగ్గర ముందు సన్నటి పుల్ల లేస్తుంది, తర్వాత విల్లు విరుగుతుంది. బోర్డే మేలు అనేవాళ్లు నారని చూసి ఏరుకుంటున్నారా?

నాకు అసలు మంట ఇంకోచోట ఉంది. వానకి కూలిన చెట్టయినా, 1976 కర్ణాటక చెట్ల సంరక్షణ చట్టం ప్రకారం ట్రీ ఆఫీసర్ అనుమతితో కొట్టిన చెట్టయినా, ఈ ఊళ్లో చైన్ రంపంతో రెండడుగుల ముక్కలు చేసి లారీకెత్తేస్తారు. ముడి లేకుండా ఆరడుగులు నిటారుగా ఉన్న మాను దొరకడమే అపురూపం. దాన్ని మూడు కోతల్లో పొయ్యి కట్టెలు చేస్తారు. ఏళ్లుగా చూస్తున్నాం, ఒక్కరూ రంపం ఆపించి "ఆ మొదలు ముక్క పొడుగ్గా వదలండన్నా" అని అడగరు. అడిగితే చాలాసార్లు వదులుతారు, వాళ్లకి కోతలు తగ్గుతాయి కూడా.

ఇంతకీ ఆ ఫోటో దుంగ. ఈరోజే ఎండలోంచి దించండి. పెద్ద పగులు ఎటు పోయిందో ఆ వెంటే చీల పెట్టండి, ఒక బద్దయినా మిగలొచ్చు. రెండంగుళాల వెడల్పు, అంగుళమున్నర మందానికి చెక్కి, బెరడు తీస్తే ఆ వైపుకీ (రేపు విల్లుకి అదే వీపు) పూత వేసి, తిన్నటి పలకకి బిగించి నీడన పెట్టండి. లగేజీ త్రాసుతో వారానికోసారి తూచండి. బరువు తగ్గడం ఆగేదాకా ఉలి ముట్టుకోకండి.