జిగురు కింద ఆయుష్షు

మే నెల మధ్యాహ్నం విజయవాడ బెంజి సర్కిల్ దగ్గర కాసేపు నిలబడితే ఈ దృశ్యం ఎవరికైనా కనిపిస్తుంది. భోజనం పొట్లాలు చేరవేసే కుర్రాడు సిగ్నల్ దగ్గర బండి ఆపి, హ్యాండిల్‌కు బిగించిన ఫోను వంక చూస్తాడు. దారి చూపాల్సిన తెర మసకబారి ఉంటుంది. వేడెక్కాను, చల్లబడేదాకా ఆగమని ఫోను మొరాయిస్తుంది. సీసాలో నీళ్లతో చేతిరుమాలు తడిపి దాని వీపుకు అద్దుతాడు. ఇంకో చేత్తో పవర్‌బ్యాంకు తీగ సర్దుకుంటాడు. నెత్తి మీద ఎండ, లోపల ఆగకుండా నడుస్తున్న జీపీఎస్, పక్క నుంచి ఎక్కుతున్న ఛార్జింగ్. బ్యాటరీని కాల్చే మూడూ ఒక్కచోటే చేరాయి. ఏడాదిన్నర తిరిగేసరికి ఆ ఫోను మిట్టమధ్యాహ్నానికే చతికిలబడితే ‘నువ్వు సరిగా వాడలేదు’ అనడం తేలిక. ఆ తేలికైన సమాధానంతోనే మాకు పేచీ.

ఫోను బ్యాటరీకి ఆయుష్షులు రెండు. పొద్దున ఛార్జింగ్ తీసింది మొదలు రాత్రి ఎర్రగీత పడేదాకా సాగేది ఒకటి. కొన్న రోజు నుంచి, ఇక ఇది ఛార్జింగ్ నిలపదని తేలిపోయే రోజుదాకా సాగేది ఇంకొకటి. చిట్కాలన్నీ మొదటిదాని చుట్టూనే తిరుగుతాయి. జేబుకు చిల్లు పెట్టేది మాత్రం రెండోది.

మొదటిదాని గురించి చెప్పుకోవాల్సింది కొంచెమే. ఎక్కువగా తినేది తెర. వెలుతురు సగానికి తగ్గిస్తే తేడా ఆ పూటే తెలుస్తుంది. చుక్కచుక్కా తనంతట తాను వెలిగే ఓలెడ్ తెరలో నల్లని చుక్క వెలగదు కాబట్టి కరెంటూ తాగదు. డార్క్ మోడ్ అక్కడే పనికొస్తుంది. పాత ఎల్‌సీడీ తెరల్లో కంటికి హాయి తప్ప బ్యాటరీకి ఒరిగేది దాదాపు ఏమీ లేదు. ఓలెడ్‌లోనూ ఒక మెలిక ఉంది. అమెరికాలోని పర్‌డ్యూ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2021లో లెక్కగడితే, వెలుతురు 30 నుంచి 50 శాతం ఉన్నప్పుడు డార్క్ మోడ్ వల్ల మిగిలింది సగటున 3 నుంచి 9 శాతమే. వెలుతురు పూర్తిగా పెంచినప్పుడు 39 నుంచి 47 శాతం దాకా మిగిలింది. ఎండలో తిరిగేవారికి లాభం, గదిలో కూర్చున్నవారికి నామమాత్రం. ఇక సిగ్నల్ అందని చోట టవర్‌ను పిలవడానికి ఫోను గొంతు చించుకుంటుంది. విశాఖ నుంచి అరకు వెళ్లే రైల్లో సొరంగాల వరుస దాటేలోగా బ్యాటరీ కరిగిపోయేది అందుకే. నిమిషానికోసారి యాప్‌లన్నిటినీ పైకి తోసి మూసేసే అలవాటు వల్ల ఉపయోగం లేదని 2016లో యాపిల్, గూగుల్ సాఫ్ట్‌వేర్ పెద్దలు ఇద్దరూ చెప్పారు. మూసినదాన్ని మళ్లీ మొదటి నుంచి లేపడానికే ఖర్చు ఎక్కువ. అయినా మన వేలు ఊరుకోదు.

రెండో ఆయుష్షు దగ్గరికి వస్తే, మనలో పాతుకుపోయిన నమ్మకాలు చాలావరకు వేరే బ్యాటరీవి. కొత్త ఫోనును ఎనిమిది గంటలు ఛార్జింగ్ పెట్టాకే వాడాలనీ, సున్నాకు దిగాకే మళ్లీ పెట్టాలనీ చెప్పేది నికెల్ క్యాడ్మియం కాలం నాటి మాట. సోనీ సంస్థ లిథియం అయాన్ బ్యాటరీని 1991లోనే మార్కెట్లోకి తెచ్చింది. దానికి పునాది వేసిన గుడెనఫ్, విటింగ్‌హామ్, యోషినోలకు 2019లో నోబెల్ కూడా వచ్చింది. బ్యాటరీ మారి మూడు దశాబ్దాలు దాటినా సలహా మారలేదు. లిథియం బ్యాటరీకి పస్తులుండటమూ పడదు, పీకల దాకా తినడమూ పడదు. 20 శాతానికీ 80 శాతానికీ మధ్య తిప్పుకుంటే ఎక్కువ కాలం నడుస్తుంది. ఇవాళ సగం వాడి నింపి, రేపు మళ్లీ సగం వాడితే రెండు రోజులకూ కలిపి ఒక్క సైకిలే, అంటే నిండు బ్యాటరీని ఒక్కసారి వాడినట్టే లెక్క. మాటిమాటికీ ఛార్జింగ్ పెడితే పాడవుతుందన్న భయం అక్కర్లేదు. రాత్రంతా పెట్టి నిద్రపోయేవారి కోసం 80 శాతం దగ్గర ఆపే ఏర్పాటు ఇప్పుడు చాలా ఫోన్ల సెట్టింగ్స్‌లోనే ఉంది.

ఇన్ని జాగ్రత్తలనూ ఒక్క గుక్కలో మింగేసేది వేడి. 40 శాతం ఛార్జింగ్‌తో, 25 డిగ్రీల దగ్గర ఏడాదిపాటు పక్కన పెట్టిన లిథియం బ్యాటరీ తన సామర్థ్యంలో సుమారు 4 శాతం పోగొట్టుకుంటుంది. అదే బ్యాటరీని నిండా నింపి 40 డిగ్రీల్లో ఉంచితే పోయేది దాదాపు 35 శాతం. ఒక్క కాల్ కూడా మాట్లాడకుండానే! యాపిల్ తన ఫోన్లను 35 డిగ్రీల లోపు వాతావరణంలో వాడమంటుంది. రెంటచింతలలోనో, రామగుండంలోనో 35 డిగ్రీలంటే ఎండలు ఇంకా ముదరలేదని అర్థం. మే నెల వచ్చేసరికి అక్కడ 45 దాటిన రోజులు కొత్త కాదు. ఆ ఊళ్ల వాళ్లు ఫోనును ఎక్కడ దాచుకోవాలో కంపెనీ ఇచ్చే చిన్న పుస్తకంలో ఉండదు. దిండు కింద ఛార్జింగ్ పెట్టడం, దళసరి పౌచ్ తీయకపోవడం, ఎండలో నిలిపిన కారు డ్యాష్‌బోర్డు మీద వదిలేయడం మనం మానుకోగలిగినవే. వేడెక్కిందని ఫ్రిజ్‌లో పెట్టేవారూ ఉన్నారు. లోపల చెమ్మ పట్టిందంటే బ్యాటరీతో పాటు బోర్డూ పోతుంది. పౌచ్ తీసి, ఛార్జింగ్ పీకి, నీడన పెడితే చాలు.

పొదుపు పాఠం ఇంతే. ఇదంతా తు.చ. తప్పకుండా పాటించినా బ్యాటరీ ఏదో ఒక రోజు అరిగిపోతుంది. బండి టైరు అరిగిందని బండి పారేయం. గోడ గడియారంలో సెల్లు అయిపోయిందని గడియారం మార్చం. ఫోను దగ్గరే ఈ ఇంగితం పనిచేయకుండా పోయింది. ఒకప్పుడు వెనక మూతను గోటితో తీసి, బ్యాటరీ మార్చి, మళ్లీ టక్కున నొక్కేవాళ్లం. ఇప్పుడు అందులో అన్నిటికంటే ముందు అరిగే వస్తువునే జిగురుతో అతికించి, పైన అద్దం బిగిస్తున్నారు.

దాన్ని బయటికి తీయడం ఎంత పనో హైదరాబాద్ అబిడ్స్ జగదీశ్ మార్కెట్లో ఏదో ఒక కౌంటరు ముందు నిలబడి చూడాలి. మెకానిక్ వెనక అద్దాన్ని వేడి గాలితో మెత్తబరుస్తాడు. పల్చటి ప్లాస్టిక్ రేకును అంచులో దోపి, ఒక్కో మూలనూ ఊపిరి బిగబట్టి లేపుతాడు. పాత బ్యాటరీ పొంగిన అప్పడంలా ఉంటుంది. లాగేటప్పుడు అది వంగినా, స్క్రూడ్రైవర్ మొన గుచ్చుకున్నా నిప్పే. ఇంతా చేసి కొత్తగా వేసేది ఒరిజినలేనా అని అడిగితే వచ్చే సమాధానం ఒక నవ్వు. లిథియం బ్యాటరీలకు భారతీయ ప్రమాణాల సంస్థ (బీఐఎస్) నమోదు తప్పనిసరి, ‘ఆర్’ అక్షరంతో మొదలయ్యే సంఖ్య దాని మీద ఉండాలి. కానీ కౌంటరుకు ఇవతల నిలబడ్డవారికి ఆ సంఖ్య చూపించేదెవరు?

కంపెనీల వైపు చూస్తే 2017 డిసెంబరు గుర్తుకు రావాలి. బ్యాటరీ అరిగిన పాత ఐఫోన్ల వేగాన్ని సాఫ్ట్‌వేర్‌తో తగ్గించామని యాపిల్ అప్పుడు ఒప్పుకుంది. ఫోన్లు ఉన్నట్టుండి ఆగిపోకుండా చూడటానికేనని సంజాయిషీ ఇచ్చింది. కావచ్చు. కానీ ఆ ముక్క ముందే చెప్పలేదు. ఆ గొడవ తర్వాత బ్యాటరీ మార్పిడి ధరను 79 డాలర్ల నుంచి 29కి దించింది. 2020లో ఫ్రాన్స్ 2.5 కోట్ల యూరోల జరిమానా వేసింది. అమెరికాలో దావా వేసిన వినియోగదారులతో 50 కోట్ల డాలర్ల వరకు చెల్లించేందుకు రాజీ కుదిరింది. మాకు జరిమానాల కంటే ముఖ్యంగా తోచేది వేరే ఉంది. కొత్త బ్యాటరీ వేయగానే ఆ ‘ముసలి’ ఫోన్లు మళ్లీ పరుగందుకున్నాయి. ఫోనుకు వయసు మీరిందని నమ్మి, అప్పటికే కొత్తది కొనేసినవారు ఎందరో.

ఐరోపా సమాఖ్య దీన్ని వినియోగదారుడి క్రమశిక్షణకు వదిలేయలేదు. 2025 జూన్ 20 నుంచి అక్కడ అమ్మే ఫోన్లలో బ్యాటరీ 800 సైకిళ్ల తర్వాత కూడా 80 శాతం సామర్థ్యం నిలుపుకోవాలి. విడిభాగాలు ఏడేళ్లపాటు దొరకాలి. ఒక్క ఛార్జింగ్‌తో ఎన్ని గంటలు నడుస్తుందో, బ్యాటరీ ఎన్ని సైకిళ్లు తట్టుకుంటుందో, మరమ్మతు ఎంత సులువో చీటీ మీద చూపాలి. మూత తీసే వీలిస్తే నీళ్లు లోపలికి పోతాయన్నది కంపెనీల పాత వాదం. అందులో కొంత నిజముంది, ఆ నిబంధనలూ దాన్ని పట్టించుకున్నాయి. నీటిని తట్టుకునేలా చేసి, 1000 సైకిళ్ల తర్వాతా 80 శాతం నిలిచే బ్యాటరీ పెడితే, దాన్ని వాడేవారే ఇంట్లో మార్చుకునేలా ఉండాలన్న షరతు నుంచి మినహాయింపు ఇచ్చాయి. మూత బిగిస్తావా, బిగించు, కానీ లోపలిది ఎక్కువ కాలం నిలవాలి. బేరమంటే ఇలా ఉండాలి.

మనకు ఇదేమీ కొత్త విద్య కాదు. ఫ్రిజ్ కొనేటప్పుడు, ఏసీ కొనేటప్పుడు నక్షత్రాలు లెక్కపెట్టడం 2006లో కేంద్ర ఇంధన పొదుపు సంస్థ (బీఈఈ) పథకం వచ్చాక జనానికి అలవాటైంది. కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022లో మరమ్మతు హక్కుపై కమిటీ వేసి, అదే ఏడాది డిసెంబరులో పోర్టల్ తెరిచింది. మొబైళ్లు, ఎలక్ట్రానిక్ వస్తువులను బాగుచేయడం ఎంత సులువో మార్కుల్లో చూపే మరమ్మతు సూచీ ఎలా ఉండాలో చెప్పే నివేదిక 2025 మేలో ఆ శాఖకు అందింది. ప్రధాన విడిభాగాల వరుసలో బ్యాటరీ కూడా ఉంది. మార్కులు మాత్రం కంపెనీలే వేసుకుని ప్రకటించుకోవాలట. పరీక్ష రాసినవాడి చేతికే ఎర్ర పెన్ను ఇచ్చినట్టు!

సూచీ అమల్లోకి తెచ్చేటప్పుడు ప్రభుత్వం ఈ పనులు చేయాలని మేము కోరుతున్నాం. బ్యాటరీ ఎన్ని సైకిళ్ల తర్వాత 80 శాతానికి దిగుతుందో ఫోను పెట్టె మీద తెలుగు సహా స్థానిక భాషల్లో అచ్చువేయించాలి. ఆ అంకెను స్వతంత్ర ప్రయోగశాల తేల్చాలి. ఆ పరీక్ష ఏసీ గదిలో కాక 40 డిగ్రీల వేడిలో జరగాలి, ఎందుకంటే ఈ దేశంలో ఫోన్లు తిరిగేది ఆ వేడిలోనే. ఒరిజినల్ బ్యాటరీని కంపెనీ సర్వీస్ సెంటర్‌కు ఏ ధరకు ఇస్తారో జగదీశ్ మార్కెట్ కౌంటరుకూ, మండల కేంద్రంలోని రీఛార్జ్ దుకాణానికీ అదే ధరకు ఇవ్వాలి. తీసిన పాత బ్యాటరీని ఆ దుకాణమే వెనక్కి పంపే ఏర్పాటూ ఉండాలి. వాడేసిన బ్యాటరీలను సేకరించే బాధ్యత ఉత్పత్తిదారులదేనని 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నిబంధనలు చెబుతున్నాయి. ఆ మాట ఇంకా మన వీధి దాకా రాలేదు. ఉబ్బిన బ్యాటరీలు చాలా ఇళ్లలో బల్ల సొరుగులోనే, పాత ఛార్జర్ల పక్కనే పడి ఉన్నాయి.